ఇరవై గ్రాముల రబ్బరు చేప

ఇది చదివాక నా మీద మీకున్న కాస్త గౌరవమూ పోతుందని నాకు తెలుసు. అయినా చెప్పేస్తాను. నేను చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది, ఆవిడ చెప్పే కథలో నేను ఇంకా పెద్ద వెధవగా కనిపిస్తాను. సంగతేమిటంటే, కరోనా రోజుల్లో జర్మనీలో ఒక చేపల క్లబ్బు వాళ్ళు నన్ను నమ్మి తూకం పని అప్పగించి, బల్ల వేసి, కుర్చీలో కూర్చోబెట్టారు. భోజనాల వేళకల్లా ఆ క్లబ్బులో నా వైపు నవ్వుతూ చూసేవాడు ఒక్కడూ మిగల్లేదు. అంతా కలిపి నాలుగు గ్రాముల గొడవ.

మేముండేది వోల్ఫ్స్‌బర్గ్‌లో. ఆ ఊళ్ళో కార్లు తయారుచేస్తారు, ఆ కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌ని నేను పరీక్షిస్తాను. అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికితే జీతమిచ్చే ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం కొన్నేళ్ళు చేసిన మగవాడితో కాపురం ఎలా ఉంటుందో మా ఆవిడ శ్రావణిని అడగండి. చారులో మిరియాలు ఎక్కువయ్యాయని చెప్పడానికి కూడా నేను ముందు సమస్య, తరువాత తీవ్రత, ఆ తరువాత సూచన అనే వరసలో మాట్లాడతానని ఆవిడ ఫిర్యాదు.

లాక్‌డౌన్ వచ్చి ఆఫీసు మా పడగ్గదిలోకి మారింది. శ్రావణి వంటగదిలో లాప్‌టాప్ పెట్టుకుని ఆన్‌లైన్ క్లాసులో జర్మన్ నేర్చుకునేది. నెలల తరబడి మాకు ఒకరి మొహం ఒకరికి తప్ప ఇంకో మనిషి మొహం కనిపించలేదు. కిరాణా కొట్టులో కనిపించినా మాస్కు పైన కళ్ళ దగ్గరే ఆగిపోయేది. మా పక్కింటాయన మెట్ల మీద ఎదురైతే గోడకి అతుక్కుని దారిచ్చేవాడు. అప్పట్లో నాకు నిజంగా భయం వేసేది, ఇలాగే ఉండిపోతామేమోనని.

అలాంటప్పుడు తెలిసింది, ఒడ్డున ఒంటరిగా కూర్చుని చేపలు పట్టడానికి మాత్రం ఎవరి అభ్యంతరమూ లేదని. నేను కాకినాడ వాణ్ణి. సముద్రం పక్కన పుట్టిన మాట నిజమే గానీ, చేప నాకు తెలిసింది పులుసులోనే. గాలపు కర్ర చేత్తో పట్టిన పాపాన పోలేదు. పైగా ఇక్కడ చేప నోట్లో కొక్కెం వేయాలంటే ముందు మనం పరీక్ష పాసవ్వాలి. నా డ్రైవింగ్ టెస్టుకి కూడా అంత చదవలేదు. మొత్తానికి పాసయ్యి, ఊరి చివర చెరువున్న ఒక క్లబ్బులో ఏడాది పాటు ప్రొబేషన్ మీద చేరాను. ఏడాది అయ్యాక పాత సభ్యులంతా చేతులెత్తి ఓటేస్తే అసలు సభ్యుణ్ణవుతాను. ఎత్తకపోతే కర్ర మడిచి ఇంటికెళ్ళాలి.

క్లబ్బు అధ్యక్షుడు హెర్ క్రూగర్, అంటే క్రూగర్ గారు. రిటైరైన బస్సు డ్రైవరు, భారీ మనిషి, భారీ మీసం. నా ఇంటిపేరు పలకడానికి రెండుసార్లు నిజాయితీగా ప్రయత్నించి, "హెర్ వేణు అంటే పరవాలేదా?" అని అడిగాడు. ఆ ఏడాది ఆఫీసువాళ్ళు కాకుండా నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి జర్మన్ ఆయన. నవ్వకండి, ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి శ్రావణికి ఏదో అవార్డు వచ్చినట్టు చెప్పాను.

ఇక అసలు జబ్బు ఎలా మొదలైందో వినండి. అక్కడ బార్ష్ అని ఒంటి మీద నల్లచారలున్న చేప ఉంటుంది. దానికి వానపాము కన్నా రబ్బరు చేపపిల్లంటే మోజు. రబ్బరు చేపకి ముందు సీసంతో చేసిన తల, ఆ తలకి కొక్కెం. పాకెట్టు మీద పద్నాలుగు గ్రాములని రాసి ఉంటుంది. నా గాలపు కర్ర మీదేమో ఇరవై గ్రాములకి మించి విసరొద్దని రాసి ఉంది. పద్నాలుగు ఇరవై కన్నా తక్కువే కదా అని విసురుతూ ఉంటే కర్ర విల్లులా వంగిపోయి మూలుగుతోంది. నాకు అనుమానం వచ్చింది. నాకు అనుమానం వస్తే ఇంట్లో ముందు పోయేది మా ఆవిడ మనశ్శాంతి.

"శ్రావణీ, ఆ కిచెన్ స్కేలు ఒకసారి ఇస్తావా?"

"దేనికండీ?"

"ఎర తూచాలి."

"అది నేను మైసూర్‌పాక్ కోసం సెనగపిండి తూచుకునే స్కేలు!"

"ఒక్కసారే."

"చేప కొక్కెం దానికి తగిలిందంటే ఆ స్కేలూ మీరూ కలిసి బాల్కనీలో పడుకోండి."

"రబ్బరు చేపే తల్లీ. ప్రాణం లేదు."

"ప్రాణం లేకపోతేనేం, ఉద్దేశం చేపే కదా!"

మా ఆవిడ చేప ముట్టదు. గుడ్డు వేసిన కేకుని కూడా దూరం నుంచే పలకరిస్తుంది. మాది ప్రేమ వివాహం కాబట్టి ఈ విషయాల్లో ఒప్పందాలు చేసుకుని బతుకుతాం. ఆ రోజు కుదిరిన ఒప్పందం ఏమిటంటే, స్కేలు మీద ముందు ఒక స్టీలు గిన్నె పెట్టాలి, ఎర అందులో వేయాలి. గిన్నె పెట్టి బటన్ నొక్కితే స్కేలు ఆ గిన్నె బరువుని లెక్కలోంచి తీసేసి సున్నా చూపిస్తుంది. ఆ తరువాత అందులో ఏం పడితే దాని బరువొక్కటే చెబుతుంది. మా ఇంట్లో అలాంటి గిన్నెలు రెండున్నాయి. ఒకటి వాళ్ళమ్మ ఇచ్చింది, ఒకటి మా అమ్మ ఇచ్చింది. రెంటి అంచుల మీదా ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. ఆ పేర్లు తప్పిస్తే ఎవరు చూసినా ఒకే సెట్టు అంటారు.

తూచాను. పద్నాలుగని రాసిన ఎర ఇరవై ఒకటిన్నర ఉంది! పాకెట్టు మీద రాసింది సీసం తల ఒక్కదాని బరువు. దానికి రబ్బరు చేప, కొక్కెం, దాని మెడకి తగిలించే ఉంగరం, అన్నీ కలిసేసరికి లెక్క ఎక్కడికో పోయింది. ఆ సాయంత్రం నా దగ్గరున్న ఎరలన్నీ తూచాను. మరుసటి వారం కొట్టులో కొన్నవన్నీ ఇంటికొచ్చి తూచాను. ఒకే పాకెట్టులోంచి తీసిన రెండు తలలకి కూడా బరువులో తేడా ఉంది. నాకు కలిగిన ఆనందం ఏమని చెప్పను! ఆఫీసులో తప్పులు వెతకడానికి జీతమిస్తారు, ఇక్కడ ఊరికే దొరుకుతున్నాయి.

క్లబ్బు వాళ్ళ వీడియో మీటింగులో నా స్క్రీన్ పంచుకుని మరీ రంగురంగుల చార్టులు చూపించాను. "మిత్రులారా, పాకెట్టు మీది బరువు అసలు బరువు కాదు. మనమంతా మోసపోతున్నాం!"

హెర్ క్రూగర్ మీసం సవరించుకుని అన్నాడు. "అది తల బరువని అందరికీ తెలుసు కదా, హెర్ వేణు."

"తెలుసు సరే, ఎప్పుడైనా తూచారా?"

"తూచలేదు."

"అదీ!" అన్నాను. ఆ 'అదీ'లో ఎంత పొగరు ఉందో నాకిప్పటికీ వినిపిస్తుంది.

అయితే ఫ్రౌ లిండ్నర్‌కి మాత్రం నా చార్టులు నచ్చాయి. ఫ్రౌ అంటే శ్రీమతి. ఆవిడ క్లబ్బు కోశాధికారి, ఒకప్పుడు మందుల షాపు నడిపింది. ఏటా సీజన్ చివర క్లబ్బులో దూరం విసిరే పోటీ ఒకటి జరుగుతుంది. గడ్డి మైదానంలో నిలబడి, కొక్కెం తీసేసిన ఎరని ఎవరు ఎక్కువ దూరం విసిరితే వాళ్ళది గెలుపు. బరువైన ఎర ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఎప్పుడూ తగవే. "ఈసారి మొత్తం బరువు ఇరవై గ్రాములు దాటకూడదని పెడదాం. విసిరిన వెంటనే తూద్దాం. తూచేది హెర్ వేణు" అని ఆవిడ ప్రతిపాదించింది. అందరూ సరేనన్నారు. పోటీ అయిన వెంటనే, అక్కడే, నా సభ్యత్వం మీద ఓటు కూడా పెడతామన్నారు.

నాకు కావలసింది ఆ ఓటు. చేపలు నాకు పెద్దగా పడేవి కావు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆదివారం పొద్దున్నే ఒడ్డున ఒకరికొకరు దూరంగా కూర్చుని, థర్మాస్ ఎత్తి పలకరించుకునే ఆ మనుషులు కావాలి నాకు. వాళ్ళు లేకపోతే మళ్ళీ ఆ పడగ్గది ఆఫీసూ, గోడకి అతుక్కునే పక్కింటాయనా మిగులుతారు. అందుకే ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. శ్రావణి కూడా వచ్చింది, పెద్ద డబ్బా నిండా పులిహోరతో. గ్రిల్లు పెట్టడానికి ఆ ఏడాది నిబంధనలు ఒప్పుకోలేదు, అందరూ ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోవాలన్నారు. మా ఆవిడకి అలాంటి నిబంధనలు అర్థమయ్యేంత జర్మన్ అప్పటికి రాలేదని చెప్పింది. వచ్చనే నా అనుమానం.

బల్ల మీద స్కేలు పెట్టాను. వాళ్ళమ్మ గిన్నె పెట్టాను. బటన్ నొక్కాను. సున్నా. న్యాయదేవత కూడా అంత నిష్ఠగా తక్కెడ పట్టుకుని ఉండదు.

కొత్తవాణ్ణి కాబట్టి మొదట నన్నే విసరమన్నారు. ఊపిరి బిగబట్టి కర్ర వెనక్కి లాగి విసిరాను. ఎర ముందుకి వెళ్ళకుండా నిటారుగా ఆకాశంలోకి లేచి, అక్కడ కాస్త ఆలోచించుకుని, నా ముందరే దుంపలా పడింది. "మంచి ఎత్తు!" అన్నాడు హెర్ క్రూగర్ మర్యాదగా. నా ఎర తూచాను. పంతొమ్మిదిన్నర. విసరడం రాకపోయినా నిబంధన ప్రకారం ఉన్నాను కదా అని సంతోషించాను.

అప్పుడు వచ్చింది ఫ్రౌ లిండ్నర్ గొంతు, మాస్కులోంచి. "హెర్ వేణు, ఒకరి ఎర తరువాత ఇంకొకరిది అదే గిన్నెలో వేయకూడదు. హైజీన్! ప్రతిసారీ శానిటైజర్ కొట్టాలి." సరేనని ధారాళంగా కొట్టాను. గిన్నె తడిసి ముద్దయింది. ఇక్కడే నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. తడి చుక్కలకీ బరువుంటుంది కదా! చుక్కల బరువు ఎర బరువులో కలిస్తే అన్యాయం కదా! అందుకని తడి గిన్నెని ఎండలో గడ్డి మీద బోర్లించి, సంచిలోంచి రెండో గిన్నె తీసి స్కేలు మీద పెట్టాను. బటన్ మళ్ళీ నొక్కాలని తోచలేదు. ఒకే సెట్టు గిన్నెలు కదా. ఆ తరువాత దాన్నే గుడ్డతో పొడిగా తుడుచుకుంటూ పని కానిచ్చాను.

మీరు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. నేను మాత్రం పట్టుకోలేదు.

హెర్ క్రూగర్ విసిరాడు. ఎర మైదానం చివరి కంచె దగ్గర పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తూచాను.

"ఇరవై మూడున్నర. సారీ, హెర్ క్రూగర్. మీరు పోటీలో లేరు."

"కుదరదే! నిన్న ఇంట్లో తూచాను. పంతొమ్మిదిన్నర ఉంది."

"ఇంట్లో స్కేళ్ళని నమ్మకూడదు" అన్నాను, మా ఇంటి స్కేలు ముందు కూర్చుని.

తరువాతి ఆయనది ఇరవై నాలుగు. ఆ తరువాతి ఆయనది ఇరవై మూడు. ఆయన నా నిబంధన మీద గౌరవంతో రబ్బరు చేప తోక కత్తిరించి మరీ తెచ్చాడు పాపం. "తోక కూడా తీసేశాను కదయ్యా, ఇంకేం తీయను?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను, సర్జన్ ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చినట్టు.

ఫ్రౌ లిండ్నర్ వంతు వచ్చింది. ఇరవై మూడు పాయింట్ ఎనిమిది. "హెర్ వేణు" అంది ఆవిడ చాలా నెమ్మదిగా, "నేను జీవితమంతా మందులు తూచాను."

"మందుల సంగతి నాకు తెలియదు, ఫ్రౌ లిండ్నర్. ఎరల సంగతి వేరు."

ఈ మాట నిజంగా నేనే అన్నాను. మాస్కు పైన ఆవిడ కళ్ళు చూశాక కూడా అన్నాను.

అందరిదీ అటూ ఇటూగా ఒకే నాలుగు గ్రాములు ఎక్కువ వస్తోంది. మామూలు మనిషికైతే ఇక్కడ బుర్రలో గంట మోగుతుంది. నాకూ మోగింది గానీ వేరే పాట మోగింది. వీళ్ళంతా కలిసి కూడబలుక్కుని నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. కొత్తవాడు ధైర్యంగా నిలబడతాడా లేదా చూద్దామని! అందుకని ఇంకా గట్టిగా నిలబడ్డాను. ఒక్కొక్కర్నీ వరసగా పంపించేశాను. వాళ్ళంతా వెళ్ళి దూరంగా గుంపుగా నిలబడ్డారు. కరోనా దూరం కాదది, అంతకన్నా ఎక్కువే.

చివరికి హెర్ క్రూగర్ కాగితం చూసి గొంతు సవరించుకున్నాడు. "నిబంధన ప్రకారం పోటీలో మిగిలింది ఒక్కరే. కాబట్టి ఈ ఏడాది విజేత..." అని ఆగి, నా ఎర పడిన చోటుకేసి చూశాడు. అక్కడినుంచి నేను నిలబడిన చోటు దాకా ఆయన పొడుగు కాళ్ళకి నాలుగు అంగలుంటుందేమో. "...హెర్ వేణు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెక్కతో చేసిన బార్ష్ బొమ్మ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, చేతికివ్వకుండానే వెనక్కి జరిగాడు ఆయన. "ఇప్పుడు ఓటు" అన్నాడు. తూకం గెలిచాను, మనుషుల్ని పోగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది. రేపటినుంచి మళ్ళీ శ్రావణీ నేనూ, నేనూ శ్రావణీ. నిబంధన పాటించడం తప్పా అని లోపల ఒకవైపు ఉడుకుమోత్తనం, ఇంకోవైపు ఏడుపు.

సరిగ్గా ఆ వేళకి శ్రావణి పులిహోర డబ్బా పట్టుకుని వచ్చింది. వచ్చి, గడ్డిలోకి చూసి, ఆగిపోయింది.

"ఏవండోయ్! మా అమ్మ గిన్నె గడ్డిలో పడేశారేంటి?"

"ఆరబెట్టాను. ఇప్పుడు కాదు శ్రావణీ, ఓటు జరుగుతోంది."

"మరి స్కేలు మీదున్నదేంటి?"

"రెండోది. ఏదైతేనేం, రెండూ ఒకటేగా."

"ఒకటేంటండీ! అత్తయ్యగారి గిన్నె మందం కదా! ఈ గిన్నె చేతిలోకి తీసుకున్నప్పుడల్లా 'మా అమ్మ ఇచ్చింది చూడు, గట్టి సరుకు' అని నా ప్రాణం తీసేది మీరు కాదూ?"

నా కళ్ళు మెల్లగా స్కేలు వైపు తిరిగాయి. గిన్నె ఖాళీగా ఉంది. అంకె మాత్రం నాలుగు చూపిస్తోంది. ఏమీ లేని గిన్నెలో నాలుగు గ్రాములు. పొద్దుటినుంచీ అది నా ముక్కు కిందే ఉంది.

"ఏమంటున్నారు మీ ఆవిడ?" అని అడిగాడు హెర్ క్రూగర్.

"అంటే... పులిహోర చల్లారిపోతోందట" అన్నాను.

శ్రావణి నా వైపు ఒక చూపు చూసింది. తరువాత డబ్బా కింద పెట్టి, మాస్కు సర్దుకుని, రెండు గిన్నెలూ రెండు చేతుల్లో పట్టుకుని క్లబ్బు ముందు నిలబడింది. అన్ని నెలలు వంటగదిలో నేర్చుకున్న జర్మన్‌ని మా ఆవిడ నలుగురిలో మాట్లాడటం అదే మొదలు. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కొక్కటీ టీచర్ ముందు అప్పజెప్పినట్టు.

"ఇది మా అమ్మది. ఇది ఆయన అమ్మది. ఆయన అమ్మది ఎక్కువ బరువు. మీరందరూ మంచివాళ్ళు. నా భర్త తప్పు."

వ్యాకరణం తప్పు వెతుకుదామన్నా దొరకలేదు.

ముందు ఫ్రౌ లిండ్నర్ భుజాలు కదిలాయి. తరువాత హెర్ క్రూగర్ మీసం మాస్కుతో సహా వణికింది. ఆ తరువాత ఆ మైదానం మొత్తం నవ్విన నవ్వుకి చెరువులో బాతులు అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాయి. శ్రావణి నన్ను కుర్చీలోంచి లేవమంది. లేచాను. వాళ్ళమ్మ గిన్నె పెట్టి, బటన్ నొక్కి, సున్నా వచ్చిందని ముందు అందరికీ చూపించి, ఎరలన్నీ మళ్ళీ తూచింది. తోక కత్తిరించుకున్న ఆయనతో సహా ఎవరిదీ ఇరవై దాటలేదు. చెక్క చేప నా బల్ల మీంచి హెర్ క్రూగర్ చంకలోకి వెళ్ళింది.

"ఇక ఓటు" అన్నాడాయన, కళ్ళు తుడుచుకుంటూ. "మొదట క్లబ్బు తూకం అధికారి పదవి. ఫ్రౌ శ్రావణి పేరు ప్రతిపాదిస్తున్నాను. ఒప్పుకునేవాళ్ళు?"

ఉన్న చేతులన్నీ లేచాయి. ఫ్రౌ లిండ్నర్ రెండు చేతులూ ఎత్తింది. పొరపాటున నాది కూడా లేచింది, నాకింకా ఓటు హక్కు లేదని దించేయించారు. చేప ముట్టని మనిషి చేపల క్లబ్బుకి అధికారి అయిపోయింది, ఒక్క ప్రొబేషన్ రోజు కూడా లేకుండా.

"తరువాతిది, ఆవిడ భర్త సంగతి" అన్నాడు హెర్ క్రూగర్. అందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని నా వైపు చూశారు. ఆయన శ్రావణి వైపు తిరిగి అడిగాడు. "మీరు కారు నడుపుతారా?"

"నడపను" అంది శ్రావణి.

ఆయన నిట్టూర్చి సభ్యుల వైపు తిరిగాడు. "చూశారుగా. ఆవిణ్ణి ఎవరో ఒకరు తీసుకురావాలి."

అప్పుడు లేచాయి చేతులు.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఎరా తూచను. ఖాళీ గిన్నె వైపు చూడకుండా చిటికెడు ఉప్పు కూడా కొలవను. జీవితమంతా మందులు తూచినవాళ్ళకి తూకం పాఠాలు చెప్పను. ఇక మా అమ్మ గిన్నె, అత్తగారి గిన్నె, ఈ రెంటిలో ఏది బరువైనదని ఎవరు ఎక్కడ అడిగినా, నా గొంతులో ప్రాణం ఉన్నంతవరకూ నోరు విప్పను.